గోదారికి మొదటి గుక్క

మా వాడరేవుపాలెం పంటు మీద గంజాయి తాగే మనిషి ఇంతవరకూ దొరకలేదు. ఈ లోటు జలమార్గ రవాణా మండలి సంచాలకులు తాడిమేటి విశ్వంభరం గారిని చాలా కుంగదీసింది. ఆయన రాజధానిలో ఏదో సదస్సుకి వెళ్ళారు. అక్కడ విమానాల వాళ్ళు, లారీల వాళ్ళు, క్రేన్ల వాళ్ళు తమ సిబ్బందిలో ఎంతమంది మత్తులో దొరికారో తెర మీద రంగురంగుల బొమ్మలేసి చూపించుకున్నారట. మన పడవల వంతు వచ్చేసరికి విశ్వంభరం గారు లేచి, సున్నా అని చెప్పి కూర్చున్నారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పక్కనున్న క్రేన్ల ఆయన జాలిగా చూసి, సున్నా అంటే లేరని కాదండీ, మీకు వెతకడం రాదని అర్థం అన్నాడట. మా సంచాలకులు ఆ పూట భోజనం ముట్టలేదని ఆయన కారు డ్రైవరు చెప్పాడు.

తిరిగొచ్చిన మర్నాడే ఉత్తర్వు వచ్చింది. పంటు సిబ్బంది అందరికీ మూత్ర పరీక్ష.

పంటు అంటే చూడనివాళ్ళకు చెప్పాలి. అడుగు చదునుగా ఉండే పెద్ద ఇంజను పడవ. ఇవతల మా ఊరు, అవతల సింగాపులంక, నడుమ గోదావరి. మనుషులు, మోటారు సైకిళ్ళు, గేదెలు, అరటిగెలలు, బ్యాండు మేళాలు, సమస్తం దాని మీదే దాటాలి. దాన్ని నడిపే మనిషిని సరంగు అంటారు. మా సరంగు కొప్పాడి లోవరాజు. ఉండేది లంకలో. వచ్చే ఏడాది పదవీ విరమణ. ఆ మాట ఎవరైనా ఎత్తితే మొహం మాడ్చుకునేవాడు. "ఇంటికాడ కూర్చుని ఏం సెయ్యాలండి? సక్రం పట్టుకోకపోతే నా సేతులు నాయి కానట్టుంటాయండి," అనేవాడు నాతో. లోవరాజు గంజాయి మాట అటుంచండి, చుట్ట కూడా కాల్చడు. అతనికి ఉన్న ఒకే ఒక్క వ్యసనం పూతరేకులు.

నేను రేవు కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుని. పేరు శేషు. చరిత్రలో ఎమ్మే. చరిత్ర చదివినవాడికి సాక్ష్యం విలువ తెలిసి ఉంటుందని చెప్పి నన్ను 'ప్రత్యక్ష సాక్షి'గా నియమించారు. సిబ్బంది నమూనా ఇస్తుంటే పక్కన నిలబడి కళ్ళార్పకుండా చూడటం నా విధి. మా ఇంట్లో ఈ సంగతి చెప్పలేదు. ప్రమోషను లాంటిదే అని మాత్రం చెప్పాను. మా అమ్మ కొబ్బరికాయ కొట్టింది.

పంటు వెనక మూల రేకులతో కట్టిన మరుగుదొడ్డి ఒకటి ఉండేది. దాన్ని శుభ్రం చేయించి, తెల్లరంగు వేయించి, 'నమూనా సేకరణ కేంద్రం' అని బోర్డు పెట్టి తాళం వేశారు. ప్రజలు వాడితే సాక్ష్యం కలుషితం అవుతుందట. మరి ప్రయాణికులు ఎక్కడికి వెళ్ళాలని అడిగితే, ప్రయాణం స్వల్పకాలికం కనుక అట్టి అవసరం ఉత్పన్నం కాజాలదని సంచాలకులు రాతపూర్వకంగా తేల్చేశారు.

మొదటి పరీక్షలో అందరూ గండం గట్టెక్కారు, లోవరాజు తప్ప. ఆ గదిలో నేను పక్కన నిలబడితే అతనికి రాలేదు. ఎంత సేపు నిలబడినా రాలేదు. "సూత్తా ఉంటే రాదండి శేషుబాబూ. మాయావిడ గుమ్మంలో ఉన్నా రాదండి," అని గోడ వైపు తిరిగి నీరసంగా చెప్పాడు. నేనూ మనిషినే కదా, కాసేపు మొహం తిప్పుకున్నాను. తిరిగి చూసేసరికి సీసా నిండి ఉంది. లోవరాజు మొహం వెలిగిపోతోంది. గది మూలన మూత కోసిన కొబ్బరిబొండం ఒకటి ఉంది. అది ఇందాక అక్కడ లేదు. చరిత్రకారుడిగా నేను ఆ ఆధారాన్ని గమనించాను. మనిషిగా గమనించలేదు.

ల్యాబ్ నుంచి ఫలితం వచ్చింది. గంజాయి లేదు, మద్యం లేదు, ఆరోగ్యం భేష్. కాకపోతే చక్కెర విపరీతంగా ఉంది, రోగికి తక్షణం వైద్యం అవసరం. మండలి డాక్టరు లోవరాజుకి మాత్రలు రాసి, తీపి వస్తువులు జన్మలో ముట్టుకోకూడదన్నాడు. లోవరాజు మూడు పూటలు ఓర్చుకున్నాడు. నాలుగో పూట వాళ్ళ వియ్యంకుడు ఆత్రేయపురం నుంచి పూతరేకుల డబ్బా తెచ్చాడు. అంతే, లోవరాజు నేరుగా కార్యాలయానికి వచ్చి, అవి కొబ్బరినీళ్ళండి, నన్ను పూతరేకులు తిననివ్వండి అని ఒప్పేసుకున్నాడు.

విశ్వంభరం గారు ఆనందం పట్టలేకపోయారు. గంజాయి దొరక్కపోతే పోయింది, మోసం దొరికింది. లోవరాజుకి ఆఖరి హెచ్చరిక ఇచ్చారు. మళ్ళీ నమూనా తేడా వస్తే ఉద్యోగం ఊడుతుంది. ఆ రోజు నుంచి లోవరాజుకి నిద్ర లేదు.

*

అప్పుడు దిగాడు తేజోవర్ధన్. నగరంలో ఏదో కంపెనీ ప్రతినిధి. సూటు, బూటు, చేతిలో చిన్న సూట్‌కేసు. మాటకి ముందు నవ్వు, మాటకి వెనక నవ్వు. అతను తెచ్చినది 'అంతర్గత వ్యక్తిసూచక ద్రవ్యం'. మేమంతా గుర్తుమందు అనేవాళ్ళం. ఒక్కొక్క ఉద్యోగికి ఒక్కొక్క రకం. రోజూ పొద్దున్నే ఒక్క గుక్క తాగితే చాలు, అది లోపల తిరిగి నమూనాలో తేలుతుంది. ఎవరి గుర్తు కనిపిస్తే నమూనా వాళ్ళది. కొబ్బరినీళ్ళు పోస్తే గుర్తు ఉండదు, పక్కవాడిది పోస్తే పక్కవాడి గుర్తు వస్తుంది. మోసానికి దారే లేదు. పైగా ఎంత శక్తిమంతమైనదంటే, ఒక చెంచాడు తీసుకెళ్ళి చెరువులో కలిపినా మా యంత్రం పట్టేస్తుంది సార్ అన్నాడు తేజోవర్ధన్. ఆ మాటకి సభలో అందరం చప్పట్లు కొట్టాం. నేను కూడా కొట్టాను.

లోవరాజుకి ఏడో నంబరు గుర్తు వచ్చింది. నాకు పన్నెండు. సంచాలకులకి ఒకటి. అయితే అధికారులూ కళాసీలూ ఒకే రుచి గల ద్రవ్యం సేవించుట హోదాకు భంగకరం అని అధికారుల సంఘం అభ్యంతరం పెట్టింది. వాళ్ళకి బాదం రుచితో వేరే తయారు చేయించాలని తీర్మానించారు. అది విన్న గుమాస్తాల సంఘం కనీసం ఏలకులైనా ఉండాలని సమ్మె నోటీసు ఇచ్చింది. బాదం రుచి వచ్చేదాకా అధికారులకు మినహాయింపు ఇచ్చారు. మేం మాత్రం చేదుదే తాగాం.

దీనికోసం నిబంధనావళి కూడా రాశారు. అందులో మూడో నిబంధన సంచాలకులు స్వయంగా రచించినది. ఆయన దాన్ని సిబ్బంది సమావేశంలో చదువుతున్నప్పుడు గొంతు వణికింది. "ఎవని మూత్రమందు ఏ సూచకము లభ్యమగునో, అతడు ఆ సూచకమునకు చెందిన ఉద్యోగిగానే సర్వవిధముల పరిగణింపబడవలెను. ఇందుకు భిన్నమైన మౌఖిక వాదములు చెల్లనేరవు," అని చదివి కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

ఇక మర్నాటి నుంచి రోజూ పొద్దున్న పంటు కదిలే ముందు చిన్న ప్లాస్టిక్ కప్పుల్లో గుర్తుమందు పంచేవాళ్ళు. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా గోదావరి మీద ఒక ఆచారం ఉంది. పడవ మీద టీ తాగినా, గంజి తాగినా, మందు తాగినా, సరంగు తన కప్పులో మొదటి గుక్క గోదారమ్మకి పొయ్యాలి. పడవ మీదున్న అందరి తరఫునా అతనే పోస్తాడు, తరవాత అందరూ తాగుతారు. లోవరాజు తాత పోశాడు, తండ్రి పోశాడు. లోవరాజు కూడా కప్పు నుదుటికి ఆనించి, తల్లీ ముందు నీకు అని మొదటి గుక్క నీళ్ళలోకి వంచేవాడు. గుర్తుమందు మోతాదు సరిగ్గా ఒక్క గుక్క. రెండో గుక్క కంపెనీ ఇవ్వలేదు. లోవరాజు ఖాళీ కప్పు నోటి దగ్గర పెట్టుకుని, తలెత్తి, భక్తిగా మింగినట్టు మింగి, కప్పు బుట్టలో పడేసేవాడు. అతని దృష్టిలో అతను తాగినట్టే.

నేను రోజూ చూశాను. కాని లోపలికి వెళ్ళేది చూడటం నా విధి కాదు. బయటికి వచ్చేది చూడటమే నా విధి.

మా రేవుకి కాస్త దిగువనే ఊరి మంచినీళ్ళ పంపుహౌసు ఉంది. ఊరంతా ఆ నీళ్ళే తాగుతుంది. లోవరాజు ఒక్కడే తాగడు. లంకలో వాళ్ళ పెరట్లో బోరింగు ఉంది. పంటు మీదికి కూడా ఆ నీళ్ళే సీసాలో తెచ్చుకుంటాడు.

*

రెండో పరీక్షకు నేను ఉత్తర్వులో లేని పని ఒకటి చేశాను. లోవరాజు లోపలికి వెళ్ళగానే తుమ్ము వచ్చినట్టు నటించి బయటికొచ్చి నిలబడ్డాను. పాపం, ఆ మహానుభావుడు మొదటిసారి నిజాయితీగా తనదే ఇచ్చాడు. బయటికొచ్చి నా చేతులు పట్టుకుని, గండం గడిచిందండి శేషుబాబూ అన్నాడు. నాకూ సంతోషం వేసింది. పరీక్ష అయ్యాక ఇద్దరం టీ తాగాం. మొదటి గుక్క అతనిది గోదాట్లోకే పోయింది.

ఫలితాలు వచ్చిన రోజు సంచాలకుల గది తలుపులు మూసేశారు. లోవరాజు నమూనాలో ఏడో గుర్తు లేదు. ఏ గుర్తూ లేదు. మిగిలిన అందరి నమూనాల్లో వాళ్ళ వాళ్ళ గుర్తుతో పాటు ఏడో గుర్తు కూడా ఉంది. నా దాంట్లో పన్నెండూ ఏడూ ఉన్నాయి.

తేజోవర్ధన్ తెల్లబోర్డు మీద బాణాలు గీసి వివరించాడు. లోవరాజు తన మూత్రాన్ని తోటి సిబ్బందికి సరఫరా చేస్తున్నాడు. వాళ్ళు దాన్ని తమ దాంట్లో కలుపుతున్నారు. తను మాత్రం ఎవరిదో గుర్తులేని మనిషిది తెచ్చి పోస్తున్నాడు. ఇది వ్యవస్థీకృత నేరం సార్ అన్నాడు. విశ్వంభరం గారు కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు. సదస్సులో తెర మీద మా బొమ్మ అందరికంటే పెద్దదిగా కనిపిస్తోందని ఆయన మొహమే చెబుతోంది.

నాకు ఒళ్ళు మండింది. లోవరాజు ఆ మందు గోదాట్లో పోస్తున్నాడనీ, ఊరి నీళ్ళు ఒకసారి పరీక్ష చేయించమనీ చెప్పాను. సంచాలకులు నన్ను నిదానంగా చూశారు. "నీరు మూత్రము కాదు. కావున మన పరిధిలోకి రాదు. అది వేరే శాఖ," అన్నారు. పైగా మూడో నిబంధన ప్రకారం నేను ఇప్పుడు సగం శేషు, సగం లోవరాజు కనుక నా సాక్ష్యం చెల్లదన్నారు. ఆ నెలలో నేను సెలవు అడిగితే ఇద్దరి సంతకాలూ కావాలన్నారు.

సరఫరా ఎంత దూరం పాకిందో తేల్చడానికి ఊళ్ళో ఆకస్మిక తనిఖీలు పెట్టారు. టీ కొట్టు ఆయన, హైస్కూలు హెడ్మాస్టరు, శివాలయం పూజారి గారు, పోస్ట్‌మేను, ఫిర్యాదు చెయ్యడానికి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు, అందరి దగ్గరా నమూనాలు తీసుకున్నారు. అందరిలోనూ ఏడే. ఏడు తప్ప మరో గుర్తు లేదు. అన్నిచోట్లకీ సరిపోయేంత ఒక్క మనిషి ఎలా తయారు చేస్తాడని డాక్టరు గారు మెల్లిగా అడిగారు. ఆ ప్రశ్నతో సరఫరా వాదం కూలిపోయింది. ఇక మిగిలింది మూడో నిబంధన ఒక్కటే. ఏడో గుర్తు ఉన్నవాళ్ళంతా లోవరాజులే. పూజారి గారు లోవరాజు, హెడ్మాస్టరు లోవరాజు. పోస్ట్‌మేను లోవరాజు, పూజారి లోవరాజుకి ఉత్తరం ఇస్తున్నాడు. లోవరాజుగా మాకు తెలిసిన మనిషి మాత్రం లోవరాజు కాడు.

ఈ చివరి మాటే ఉత్తర్వుగా వచ్చింది. 'కొప్పాడి లోవరాజు అను నామధేయముతో ఇంతకాలము విధులకు హాజరగుచున్న వ్యక్తి కొప్పాడి లోవరాజు కాడని శాస్త్రీయముగా నిర్ధారణ అయినందున, అట్టి గుర్తు తెలియని వ్యక్తిని చక్రము వద్దకు రానీయరాదు.' కింద సంచాలకుల సంతకం. కాగితం నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. చదివి వినిపించమన్నాడు. వినిపించాను. లోవరాజు సరంగు నిలబడే గుమ్మటంలోకి వెళ్ళి, చక్రం మీద తుండు వేసి వచ్చేశాడు.

రెండ్రోజుల తరవాత ఎవరిదో చేపల నావలో గోదారి దాటి వచ్చి రేవులో కనబడ్డాడు. టిక్కెట్టు కొనుక్కుని ప్రయాణికుల బల్ల మీద కూర్చుని, కట్టేసి ఉన్న పంటు మీదే, పొద్దస్తమానం చక్రం వైపు చూస్తున్నాడు. "మాయావిడ అడిగిందండి, ఇంటికొచ్చిన నువ్వెవరయ్యా అని. నవ్వుతానే అడిగింది లెండి. నాకు మాత్రం ఏడుపొచ్చేసిందండి," అన్నాడు. ఇంకొక్క ఏడాది ఆ చక్రం అతని చేతిలో ఉంటే వీళ్ళ సొమ్మేం పోయింది?

ఇంతకీ ఎవరిలోనైనా గంజాయి ఉందా అని మీరు అడగొచ్చు. ల్యాబ్ వాళ్ళు అది చూడటం మానేశారు. ముందు ఎవరిదో తేలాక కదా అందులో ఏముందో చూడాలి.

*

మా ప్రయోగం కీర్తి రాజధాని దాకా పాకింది. శాఖ కార్యదర్శి మేడమ్ గారు స్వయంగా చూడటానికి వస్తున్నారని కబురు. పంటు మీద గోదావరి దాటి, లంకలో కొత్త రేవు ప్రారంభిస్తారు. మా పంటు అప్పటికి కొన్నాళ్ళుగా కదల్లేదు. సరంగు లేడు మరి.

ఆదర్శంగా ఉండాలని విశ్వంభరం గారు మేడమ్ గారు వచ్చేముందు తన నమూనా కూడా పరీక్షకి పంపారు. బాదం రుచి ఇంకా రాలేదు కాబట్టి ఆయన గుర్తుమందు ఎప్పుడూ తాగలేదు. ఊరి కుళాయి నీళ్ళు మాత్రం రోజూ చెంబుడు తాగుతారు, ట్యాంకులో ఇంకా పాత నీళ్ళే నడుస్తున్నాయి. ఫలితం వచ్చింది. ఏడు. ఇంత స్వచ్ఛమైన ఏడు ఇంతవరకూ చూడలేదు సార్ అని తేజోవర్ధన్ అభినందించాడు.

పరీక్ష తప్పు అనాలంటే ప్రయోగం మొత్తం తప్పు అనాలి. రేపు మేడమ్ గారు వస్తున్నారు. విశ్వంభరం గారు కిటికీలోంచి గోదావరిని చూశారు. అలా చూస్తుంటే ఆయన భుజాలు నెమ్మదిగా పైకి లేచాయి. "శాస్త్రమునకు మనము అతీతులము కాము. రేపు చక్రము నేనే పట్టెదను," అన్నారు. నా లోపలున్న సగం లోవరాజు హడలిపోయాడు.

మర్నాడు రేవులో అరటిబోదెలు కట్టారు. లంకలో సన్నాయి, డప్పులు ఉండాలని బ్యాండు మేళం ఎక్కించారు. మేకలు, మోటారు సైకిళ్ళు, చూడ్డానికి వచ్చిన సగం ఊరు కూడా ఎక్కింది. గుర్తు తెలియని వ్యక్తి టిక్కెట్టు కొనుక్కుని ఒక మూల కూర్చున్నాడు. మేడమ్ గారు తెల్ల చీరలో, తన సీసా నీళ్ళు తనే పట్టుకుని వచ్చారు. తక్కువ మాట్లాడే మనిషి. స్వాగతంగా ఇచ్చిన బొండాలు ఆమె వద్దంటే, మర్యాద పోతుందని ఆ రెండూ విశ్వంభరం గారే తాగేశారు. చక్రానికి దండ వేసి, కూత వేసి బయలుదేరారు.

నది నడుమ దాకా బాగానే వెళ్ళింది. అక్కడ నుంచి ఎడమకి తిరగాలి. ఆయన కుడికి తిప్పారు. కింద గర్ మని చప్పుడైంది. పంటు ఇసుకమేట మీదికెక్కి కూర్చుంది. ఆటు వేళ. నీళ్ళు ఇంకా తీసేస్తున్నాయి. మళ్ళీ పోటు వచ్చేదాకా ఎవరూ చేయగలిగిందేమీ లేదు. ఆగిపోతే అపశకునమని బ్యాండు వాళ్ళు వాయించడం మొదలెట్టారు.

ఎండ ముదిరింది. ఎక్కడి నుంచి మొదలైందో తెలియదు గాని, పంటు మీదున్న వాళ్ళందరికీ ఒకే ఆలోచన వచ్చింది. అందరి చూపులూ రేకుల గది మీదికి వెళ్ళాయి. నమూనా సేకరణ కేంద్రం. తాళం. తాళంచెవి ఎక్కడుందని అడిగారు మేడమ్ గారు. ప్రధాన కార్యాలయంలో, సంచాలకుల సొరుగులో, ఆ సొరుగు తాళంచెవి ఇంట్లో అని నేను విన్నవించుకున్నాను. విశ్వంభరం గారు చక్రం వదిలేసి, రెండు కాళ్ళూ దగ్గరగా పెట్టుకుని నిలబడ్డారు. ఆయన నుదుటి మీద చెమట. రెండు బొండాలు ఊరకే ఉంటాయా.

చూసి చూసి లోవరాజే లేచాడు. ఆయన చెయ్యి పట్టుకుని వెనక కొసకి తీసుకెళ్ళాడు. తన తుండు రెండు చేతులా చాపి అడ్డం పట్టుకున్నాడు. అందర్నీ అటు తిరగమన్నాడు. ఊరు ఊరంతా, మేడమ్ గారితో సహా, లంక వైపు తిరిగి నిలబడింది. అయినా ఆయనకి రాలేదు. "నాకు తెల్సండి. జనం ఉంటే రాదు. కళ్ళు మూసుకుని గోదారమ్మని తల్సుకోండి," అని, బ్యాండు వాళ్ళని ఇంకా గట్టిగా వాయించమని కేకేశాడు. నేను ప్రత్యక్ష సాక్షిని కాబట్టి నిబంధన ప్రకారం చూడాలా అని అడిగాను. విశ్వంభరం గారు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. కాసేపటికి డప్పుల మోతలో కలిసిపోయి సన్నటి ధార చప్పుడు వినిపించింది. పంటు మీద సగం మంది చప్పట్లు కొట్టారు. ఆ తరవాత తుండు చాలా చేతులు మారింది. ఆడవాళ్ళకి రెండు చీరలు కట్టి పక్కన ఇంకో మరుగు కట్టారు.

నేను లోవరాజు పక్కన కూర్చున్నాను. పంటుని ఎలా దింపాలి అని అడిగాను. "ఎలా దింపుతామండి? నేనూ శానాసార్లు ఇక్కడే ఎక్కించేశాను. పోటొత్తే అదే లేత్తది," అన్నాడు. పోటొచ్చింది. అదే లేచింది. విశ్వంభరం గారు చక్రం వైపు కన్నెత్తి చూడలేదు. లోవరాజు మెల్లిగా వెళ్ళి రెండు చేతులూ చక్రం మీద వేశాడు. ఎవరూ ఆపలేదు. అతని మొహం నేను చూడలేకపోయాను, నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పొద్దుగూకే వేళకి ఒడ్డుకి చేరాం.

*

మర్నాడు రేవు షెడ్డులో విచారణ పెట్టారు. మేడమ్ గారు ఒక్కరే విచారణాధికారి. ఊరంతా బయట నిలబడింది.

మొదటి ప్రశ్న, పంటుని మేట ఎక్కించింది ఎవరు. విశ్వంభరం గారు రాత్రంతా ఆలోచించి వచ్చారు. గొంతు సవరించుకుని, ఆ సమయమున చక్రము వద్ద ఉన్నది సంచాలకులు కారు అన్నారు. ల్యాబ్ పత్రం బల్ల మీద పెట్టారు. మూడో నిబంధన ప్రకారం ఆ సమయమున చక్రము పట్టినది కొప్పాడి లోవరాజు అని, కావున ఏ శిక్ష పడినా కొప్పాడి లోవరాజుకే పడవలెనని వాదించారు. చెబుతూ చెబుతూ వేలు తీసుకెళ్ళి మూలన నిలబడ్డ మా లోవరాజు వైపు పెట్టారు. లోవరాజు నా వైపు చూశాడు.

మేడమ్ గారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చదివారు. తలెత్తలేదు.

"ఆ మూలనున్న మనిషి లోవరాజు కాడని ఇక్కడ మీ సంతకమే ఉంది కదండీ?"

ఉందని ఒప్పుకున్నారు.

"అయితే ఆయన ఎవరు?"

విశ్వంభరం గారు తన ఉత్తర్వునే అప్పజెప్పారు. గుర్తు తెలియని వ్యక్తి అన్నారు. మేడమ్ గారు పైకి చదువుతూ రాసుకున్నారు. మేట ఎక్కించినది లోవరాజు. అంటే ల్యాబ్ ప్రకారం మీరు. ఒడ్డుకి చేర్చినది గుర్తు తెలియని వ్యక్తి. ఏం చెప్పినా విశ్వంభరం గారికి తన సంతకమే అడ్డం వస్తోంది.

తీర్పు సాయంత్రానికల్లా వచ్చింది. లోవరాజు అను సంచాలకులను నీళ్ళు లేని మెట్ట జిల్లాలో జలమార్గాల సర్వే విభాగానికి బదిలీ చేశారు. లోవరాజు పోయినందున సరంగు పోస్టు ఖాళీ అయింది. ప్రజల ప్రాణాలు కాపాడిన గుర్తు తెలియని వ్యక్తిని ఆ పోస్టులో కొత్తగా నియమించమన్నారు. గుర్తుమందు పథకం ఎత్తేస్తారని అందరం అనుకున్నాం. కాని కంపెనీతో ఒప్పందం ఇంకా నడుస్తోందట, ఆ ఫైలు వేరే శాఖదట. కొత్త ఉద్యోగికి కొత్త నంబరు ఇవ్వమన్నారు.

నియామకం కాగితాలు నేనే రాశాను. పేరు దగ్గర ఆగాను. లోవరాజు అని రాయడానికి లేదు, ఆ పేరు బదిలీ మీద వెళ్ళిపోయింది. 'శ్రీ గుర్తు తెలియని వ్యక్తి' అని రాశాను. తండ్రి పేరు, తెలియదు. పుట్టిన తేదీ, తెలియదు. అక్కడ నా కలం ఆగిపోయింది.

లోవరాజు ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "అయితే వచ్చే ఏడు దిగిపోవాలాండి?" అని అడిగాడు.

"పుట్టిన తేదీ లేనివాళ్ళకి రిటైర్మెంటు ఎప్పుడో చెప్పే నిబంధన లేదు లోవరాజు గారూ," అన్నాను.

అతనికి వెంటనే ఎక్కలేదు. ఎక్కాక మాట్లాడకుండా రేవులోకి దిగి, మొహం కడుక్కుని వచ్చాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో నాకు తెలియలేదు. పూతరేకుల డబ్బా తీసి నా బల్ల మీద పెట్టాడు.

మర్నాడు పొద్దున్నే పంటు మీద కప్పులు పంచారు. గుర్తు తెలియని వ్యక్తి గారికి నలభయ్యో నంబరు మందు వచ్చింది. కప్పు నుదుటికి ఆనించి, తల్లీ ముందు నీకు అని మొదటి గుక్క గోదాట్లోకి వంచాడు. రెండో గుక్క కంపెనీ ఇప్పటికీ ఇవ్వడం లేదు. తరవాత కూత వేసి, ఎడమకి తిప్పి, సింగాపులంక వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి కుళాయి నీళ్ళు రెండు గ్లాసులు తాగాను. చల్లగా ఉన్నాయి. మండలి లెక్క ప్రకారం ఇప్పుడు మా ఊళ్ళో హెడ్మాస్టరు గారూ, పూజారి గారూ, టీ కొట్టు ఆయనా, నాలో సగమూ, అందరం గుర్తు తెలియని వ్యక్తులమే. మాలో ఎవరికీ రిటైర్మెంటు లేదు.